ఉప్పు చూసే పిల్ల

ఇలా దగ్గరికి రా అమ్మడూ. ఆ కుర్చీలో కాదు, అంత దూరమైతే నేను అరవాలి. ఈ పీట లాక్కుని నా మోకాలి పక్కన కూర్చో. ఫోను అవతల పెట్టు. ఈ వెల్లుల్లి చెరో గుప్పెడు వలుచుకుంటూ చెప్పుకుందాం. చేతులు ఊరికే ఉంటే నాకు మాట సాగదు. మన సందు చివర, నేను రోజూ సాయానికి వెళ్ళే డయానా కర్రీ పాయింటు ఉందిగా, అక్కడ జరిగింది ఇది. కొంత నా కళ్ళతో చూశాను. చూడని మిగతాది ఆ పిల్లే తర్వాత కూర్చుని చెప్పింది.

గురువారం పొద్దున వినీల నాలుగు రోజులు పిన్ని దగ్గరుంటానని కంకిపాడు నుంచి బస్సులో వచ్చి, ఆటో దిగి, కొట్టు వెనక తలుపు తట్టేసరికి లోపల మూడు పొయ్యిలూ వెలుగుతున్నాయి. డయానా ఆ పిల్ల తల్లికి సొంత చెల్లెలు. ఒక చేత్తో సాంబారు కలుపుతూ, ఇంకో చేత్తో పోపు గరిటె పట్టుకుని తలుపు కాలితో తీసింది.

"వచ్చావా. బ్యాగు ఆ మూల పడేసి దొండకాయలు అందుకో. నిలువుగా కోయాలి, చక్రాలు కాదు."

వినీల చున్నీని ముక్కు దాకా చుట్టుకుని ఉంది, ఎండలో స్కూటీ నడిపే ఆడపిల్లలు కట్టుకున్నట్టు. పీట మీద కూర్చుంది, కత్తి అందుకుంది, కట్టు మాత్రం విప్పలేదు.

"ఎండ బయటే ఉండిపోయిందిగా, ఇంకా ఆ ముసుగెందుకే?" అంది డయానా.

"డస్ట్ ఎలర్జీ పిన్నీ."

పక్కన వెల్లుల్లి వలుస్తున్న నేను ఆ పిల్ల కళ్ళు చూశాను. ఎలర్జీ ఉన్న కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఇవి తలుపు వైపే ఉన్నాయి. ఎవరైనా బయట నడిచిన చప్పుడైతే కత్తి ఆగిపోయేది, చప్పుడు దాటిపోయాక మళ్ళీ కదిలేది.

పదకొండు దాటాక డయానా షట్టరు ఎత్తింది. బల్ల మీద స్టీలు గిన్నెలు వరసగా పెట్టింది. పప్పు, సాంబారు, దొండకాయ వేపుడు, చామదుంపల పులుసు. ఆటోవాళ్ళూ, గదుల్లో ఉండే కుర్రాళ్ళూ, ఒంటరి ముసలాళ్ళూ వచ్చి నిలబడ్డారు. వినీల లోపలి గోడ పక్కన, బయటికి కనపడని చోట నిలబడి కవర్లు కట్టింది. ఆ పని చూడ్డానికి తేలిక. కవరు మూతి రెండు వేళ్ళ మధ్య రుద్ది విడదీయాలి, నోటితో ఊదకూడదు. వేడి సాంబారు పోసి, కొంచెం గాలి ఉంచి, మూతి పట్టుకుని కవరు గిర్రున తిప్పి, ఆ మెలిక మీద రబ్బరు బ్యాండు బిగించాలి. గాలి ఎక్కువైతే దారిలో పగులుతుంది, తక్కువైతే చేతులు కాలతాయి. మధ్యాహ్నానికల్లా ఆ పిల్లకి చెయ్యి తిరిగింది. డయానా వెనక్కి చూడకుండానే చెయ్యి చాపితే ప్యాకెట్టు అందేది.

జనం పలచబడ్డాక మేం ముగ్గురం కింద కూర్చుని కంచాలు పెట్టుకున్నాం. వినీల తన కంచం తీసుకుని లేచింది.

"ఎక్కడికే?"

"లోపల ఫ్యాన్ ఉందిగా పిన్నీ."

లోపలంటే బియ్యం బస్తాలుండే గది. అక్కడ ఫ్యాను లేదు. డయానా నూనె డబ్బా కోసం లేచినట్టు లేచి వెళ్ళింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆ పిల్ల బస్తాల వైపు తిరిగి, నుదురు గోనెకి ఆనించి, చున్నీ కిందనుంచి నోట్లోకి మెతుకులు తోసుకుంటోంది. పిచ్చుకకి పెట్టేంత ముద్ద. డయానా చేతిలోని గరిటె గుమ్మానికి తగిలి చప్పుడైంది.

"ఫొటో తియ్యొద్దు," అంది వినీల, అరచెయ్యి నోటి మీద పెట్టుకుని. కంచం జారి అన్నం బస్తాల సందుల్లో పడింది.

"ఫొటో ఏంటి? నా చేతిలో గరిటె ఉందే తల్లీ."

ఆ పిల్ల వంగి మెతుకులు ఏరింది.

సాయంత్రం, రెండో విడత వంటకి ముందు, అడగ్గా అడగ్గా ఫోను తెరిచి చూపించింది. నాకు ఇలాంటివి తెలీవు. స్టిక్కరట. మన ఫొటోలో తల ఒక్కటే కత్తిరించి బొమ్మలా చేస్తారు, దాన్ని ఎవరైనా ఎవరికైనా పంపొచ్చు. ఆ బొమ్మలో వినీల ముద్ద పెట్టుకుంటూ ఉంది. నోరు బాగా తెరిచి ఉంది, కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి, బుగ్గన పప్పు అంటింది. పొలం పనికెళ్ళొచ్చే వాళ్ళింట్లో పుట్టిన పిల్ల, ఆకలితో తింటే అలాగే ఉంటుంది.

"నర్సింగ్ కాలేజీ మెస్సులో తీసింది పిన్నీ. చరిష్మ అని, మా గదిలోనే ఉంటుంది. క్లాసు గ్రూపులో రేపు టెస్టు ఉందా అని నేనడిగితే ఇది పెడతారు. గుడ్ మార్నింగ్ అంటే ఇది పెడతారు. సార్ లీవు పెట్టినా ఇదే పెడతారు."

"నోరు తెరవకుండా ముద్దెవరు పెట్టుకుంటారే," అన్నాను నేను.

"మెస్సుకి వెళ్తే అందరూ ఫోన్లు ఎత్తుతారు అమ్మమ్మా. నిజంగా తీస్తున్నారో లేదో తెలీదు. ఎత్తుతారంతే."

డయానా ఫోను తిరిగిచ్చేసింది. "సోమవారం ఆస్పత్రిలో వార్డు డ్యూటీలు మొదలంటగా. అక్కడ పేరు ఇవ్వకపోతే?"

"ఏడాది పోతుంది."

"మరి వెళ్తావా?"

వినీల మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. లేచి రబ్బరు బ్యాండ్లు రంగుల వారీగా వేరు చేయడం మొదలుపెట్టింది. ఆ పని చేయమని ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం డయానాకి ఉపవాసం. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు శుక్రవారం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా సాయంత్రం ప్రార్థన దాకా ఉంటారు. కూర చేతిలో వేసుకుని నాకినా ఉపవాసం చెడినట్టే వాళ్ళకి. అందుకే శుక్రవారం ఉప్పు చూసే పని నాది. కానీ నాకు బీపీ వచ్చినప్పటి నుంచి చప్పిడి తిని తిని నాలుకకి ఉప్పు తెలియడం మానేసింది. పోయిన శుక్రవారం నేను బాగుందన్న పులుసు తిని రామకోటేశ్వరరావు గారు, రిటైరైన రైల్వే ఆయన, "ఏమండీ, దీన్ని బందరు సముద్రంలోంచి ముంచి తెచ్చారా" అని అడిగి వెళ్ళాడు.

"ఇవాళ ఉప్పు నువ్వు చూడవే," అంది డయానా వినీలతో. "నాలుగూ రుచి చూసి చెప్పు. నువ్వు చెప్పాకే షట్టరు ఎత్తుతాను."

వినీల గరిటె పట్టుకుంది. గోడ వైపు తిరిగింది. చున్నీ కిందకి చెయ్యి పోనిచ్చి పప్పు నాలిక్కి తగిలించుకుంది. ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు లేనే లేదు. పొద్దున గ్యాసు బండ అయిపోయిన హడావిడిలో డయానా వేయడం మర్చిపోయింది. చెప్పాలంటే వెనక్కి తిరగాలి, నోరు విప్పాలి, మేమిద్దరం ఆ నోటి వైపే చూస్తూ ఉన్నాం. వినీల వెనక్కి తిరగలేదు. తల ఊపింది.

"నాలుగూ బాగున్నాయా?"

మళ్ళీ తల ఊపింది.

ఆ మధ్యాహ్నం పప్పు ప్యాకెట్లు తీసుకెళ్ళిన వాళ్ళలో సగంమంది తిరిగొచ్చారు. ఒకాయన ప్యాకెట్టు బల్ల మీద పెట్టి ఏం మాట్లాడకుండా నిలబడ్డాడు. రామకోటేశ్వరరావు గారు మాత్రం ఊరుకోలేదు. "పోయిన వారం సముద్రం, ఈ వారం కాలవ. వచ్చే వారం ఏం తెస్తావు డయానా?" అన్నాడు. డయానా అందరికీ చిన్న కాయితప్పొట్లాల్లో ఉప్పు కట్టి ఇచ్చింది. నవ్వుతూనే ఇచ్చింది. ఉపవాసపు మొహం, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

షట్టరు దించాక వినీల గిన్నెలు తోమే చోట గోడకి అంటుకుపోయి నిలబడింది. తిడుతుందని కాచుకుని ఉంది. డయానా చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఇవాళ నాకు నీ నోరు కావాల్సొచ్చింది," అంది. "దాన్ని వాళ్ళ దగ్గర వదిలేసి వచ్చావు."

అంతే అంది. వెళ్ళి ప్రార్థనకి చీర మార్చుకుంది. చర్చికి బయల్దేరే ముందు కంకిపాడుకి ఫోను చేసి, గొంతు తగ్గించి, "అక్కా, నీకొక్కదానికే చెబుతున్నా" అంటూ అంతా చెప్పింది. నేను విన్నాను. చెప్పొద్దని అనాలని నాకూ తోచలేదు.

శనివారం పొద్దున వినీల గోంగూర ఆకు దూస్తుంటే ఫోను మోగడం మొదలైంది. ఒకటి కాదు, వరసగా, పెనం మీద ఆవాలు చిట్లినట్టు. ఆ పిల్ల ఫోను వైపు చూసి, చూడకుండా ఉండలేక, తడి చేత్తో నొక్కింది. వాయిస్ మెసేజి. వంటిల్లంతా వినపడింది.

"ఫ్రెండ్స్, మన వినీల నోటి కోసం అందరూ మోకాళ్ళూనండి. ప్రభువా, ఆ నోటిని కాస్త చిన్నది చెయ్యి తండ్రీ." వెనకాల నలుగురైదుగురి నవ్వులు. ఎవరో "ఆమేన్, ఆమేన్" అంటున్నారు.

దాని కింద ఓ కొత్త స్టిక్కరు. అదే మొహం, అదే ముద్ద, గడ్డం కింద జోడించిన చేతులు అతికించారు. ఆ పైన ఓ మెసేజి కాపీ. వినీల చదివింది. ప్రార్థన మనవి. కంకిపాడు లాజరు గారి కుమార్తె వినీల హాస్టల్లో ఎగతాళికి గురై భయంతో నోటికి గుడ్డ కట్టుకుని తిరుగుచున్నది, చదువు మానే స్థితిలో ఉన్నది, దయచేసి జ్ఞాపకం చేసుకోండి. అమ్మ పెట్టింది. చర్చి గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులోంచి ఇంకో గ్రూపుకి, అక్కడి నుంచి ఎవరి అత్తకో, ఆ అత్త నుంచి హాస్టలుకి.

వినీల ఫోనుని బియ్యం డబ్బాలోకి తోసి మూత పెట్టింది. మూత మీద కూర్చుంది. డబ్బాలో ఫోను మోగుతూనే ఉంది. ఆ పిల్లకి అది కింద నుంచి వెన్నులోకి ఎక్కుతోంది. "ఇక్కడున్నానని తెలిసిపోయిందా పిన్నీ? అందులో నీ అడ్రసుందా? ఇక్కడికొస్తారా?" అని అడిగింది. అడిగిందే అడిగింది. ఆ రోజంతా బయట ఆడపిల్ల గొంతు వినపడితే చాలు, గ్యాసు బండల పక్కన కూలబడిపోయేది. సాంబారు ప్యాకెట్టు ఒకటి ఆ పిల్ల చేతిలోనే పగిలి మణికట్టు కాలింది. అయినా అరవలేదు. అరిస్తే నోరు తెరవాలి కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక వినీల తల్లి మాణిక్యమ్మ బస్సెక్కి వచ్చింది. కూతురికి ఇష్టమని డబ్బాలో మాగాయ తెచ్చింది. లోపలికి వస్తూనే, "పాస్టరుగారు ఇవాళ నీ పేరు చదివి ప్రార్థన చేశారమ్మా," అంది. "హైదరాబాదు నుంచి కూడా ప్రార్థిస్తున్నాం సిస్టర్ అని పెట్టారు. ఇంతమంది నీ కోసం మోకాళ్ళ మీద ఉంటే నీకింకేం భయం?"

వినీల మొదటిసారి తల్లి మొహంలోకి నేరుగా చూసింది. చున్నీ అలాగే ఉంది.

"నన్నడిగావా అమ్మా?"

"ప్రార్థన చేయించడానికి అడగాలా?"

"ముందు కాలేజీలోనే నవ్వేవాళ్ళు. ఇప్పుడు బస్సులో నా పక్కన కూర్చున్నావిడకి కూడా తెలుసేమో నాకు తెలీదు."

మాణిక్యమ్మ మాగాయ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. చెడు చేద్దామని చేసింది కాదు. వాళ్ళింట్లో జ్వరమొచ్చినా, బర్రె ఈనకపోయినా, కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా మనవి పెడతారు. ఇదీ అలాగే పెట్టింది. "తీసేస్తాను," అంది. "గ్రూపులోంచి తీసేస్తానమ్మా."

"జనంలోంచి ఎలా తీస్తావు," అంది వినీల. సోమవారం వెళ్ళనని ఆ తర్వాత చెప్పింది. గొంతులో కోపం లేదు. తల్లితో పాటు సాయంత్రం బస్సుకి కంకిపాడు వెళ్ళిపోతానంది. డయానా చేపల పులుసు మంట తగ్గించింది.

నాలుగు గంటలప్పుడు, షట్టరు ఇంకా సగమే ఎత్తి ఉంది, ఒక ఆడపిల్ల వంగి లోపలికి తొంగి చూసింది. మోచేతి మీద మడత పెట్టిన తెల్ల కోటు, చేతిలో ఫోను. వినీలకి ఆ పిల్ల నేరుగా కనపడలేదు. ఎదురుగా ఉన్న సాంబారు గిన్నె మూతలో తెల్ల కోటు కనపడింది. బియ్యం గదిలోకి పోదామంటే గుమ్మం బయటికి కనపడుతుంది. అక్కడే, పొయ్యి పక్కన, గరిటె చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"వినీల అక్క ఇక్కడే ఉంటుందా అండీ?"

"ఎవరు నువ్వు?" అంది డయానా. ఆ గొంతు కస్టమర్లతో మాట్లాడే గొంతు కాదు.

"రుచితండీ. ఫస్టియర్. మాది ఉయ్యూరు దగ్గర. మా పక్కింటి ఆంటీ మీ ప్రార్థన గ్రూపులో ఉన్నారు. ఆవిడ మా అమ్మకి చూపించారు. అక్క వాళ్ళ పిన్నికి గుణదలలో కర్రీ పాయింటు ఉందని ఆంటీయే చెప్పారు."

మాణిక్యమ్మ తల దించుకుంది.

"ఆ ఫోనెందుకు చేతిలో?"

రుచిత ఫోను వైపు చూసుకుంది. ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి డయానా వైపు తోసింది. "మీ దగ్గరే ఉంచండి ఆంటీ. నాకో పప్పు ప్యాకెట్ ఇవ్వండి. ఇక్కడ కూర్చుని తినొచ్చా? నిన్నటి నుంచి మెస్సుకెళ్ళలేదు."

కర్రీ పాయింటులో కూర్చోబెట్టి పెట్టరు. అన్నం అసలే అమ్మరు. డయానా నా వైపు చూసింది. నేను లేచి మాకని వండుకున్న అన్నం కంచంలో పెట్టాను, పప్పు పోశాను, పీట వేశాను. ఆ పిల్ల పీటని గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. చున్నీ నోటి మీదకి లాక్కుంది. చిన్న ముద్ద కలిపి, అటూ ఇటూ చూసి, నోట్లో పెట్టుకుని నమలకుండా మింగింది.

వినీల పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఆ పిల్ల వీపు చూస్తోంది. మింగేటప్పుడు ఆ భుజాలు ఎలా ముడుచుకుంటున్నాయో చూస్తోంది. వెనక నుంచి తనెలా ఉంటుందో అప్పటిదాకా తనకి తెలీదు.

"నీకేం పెట్టారు?" అని అడిగింది.

రుచిత ఉలిక్కిపడి తిరిగింది. తిరిగి, ఆ గొంతు ఎవరిదో తెలుసుకుని, గబగబా చెప్పింది. "నేను తింటుంటే చప్పుడొస్తుందంట అక్కా. రికార్డ్ చేశారు. చరిష్మ అక్క వాళ్ళు దాన్ని అలారం పెట్టుకున్నారు. పొద్దున్నే అన్ని గదుల్లోంచీ అదే మోగుతుంది. మీరు ఊరెళ్ళిపోయాక మొదలైంది."

"నన్నెందుకు వెతుక్కుంటూ వచ్చావు?"

రుచిత కంచంలోకి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. "అబద్ధం చెప్పను. మీరు తిరిగొస్తే నన్నొదిలేస్తారేమోనని."

మాణిక్యమ్మ కోపంగా ఏదో అనబోయింది, డయానా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. నేను వినీల కళ్ళే చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆ కళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి. చున్నీ లోపల ఆ పిల్ల నవ్వుతోంది.

"ఎంత స్వార్థమే నీకు," అంది.

"భయం అక్కా."

"తెలుసు."

వినీల గరిటె పక్కన పెట్టింది. మెడ వెనక ముడి విప్పింది. చున్నీ తీసి తలుపు మేకుకి తగిలించింది. కంచం ఒకటి తీసుకుని అన్నం పెట్టుకుంది, పప్పు పోసుకుంది, తల్లి ఒళ్ళోంచి డబ్బా లాక్కుని మాగాయ వేసుకుంది. రుచితకీ గోడకీ మధ్య చోటు లేదు. "జరుగు," అని పీట పక్కకి లాగి, ఆ పిల్లకి ఎదురుగా మఠం వేసుకుంది. ముద్ద మొదట చిన్నదే కలిపింది. దాన్ని చూసి, ఇంకాస్త అన్నం చేర్చింది. మా అందరి ఎదుటా నోరు బాగా తెరిచి పెట్టుకుంది. నమిలింది. కళ్ళు సగం మూసుకుంది.

తర్వాత నోట్లో ముద్ద ఉండగానే తలెత్తి అంది: "పిన్నీ, పప్పులో ఉప్పు తక్కువైంది."

డయానా పరుగున వచ్చి గరిటెతో చేతిలో వేసుకుని చూసింది. నిజంగానే తక్కువైంది. వేసింది. మళ్ళీ చూడమంది. ఇంకొంచెం, అంది వినీల. మళ్ళీ వేసింది. రుచిత ఈలోపు గోడ వైపు తిరగడం మర్చిపోయింది. ఆ పిల్ల తింటే నిజంగానే చప్పుడొస్తుంది అమ్మడూ, కుక్కపిల్ల నీళ్ళు తాగినట్టు. ఎవరం ఏమనలేదు. ఆకలేస్తే ఏదో ఒక చప్పుడు రావాలిగా.

ఆ సాయంత్రం మాణిక్యమ్మ ఒక్కతే బస్సెక్కింది. ఎక్కే ముందు, "చరిష్మ సంగతి మీ కాలేజీ పెద్ద మేడంతో నేను మాట్లాడనా? నీకిష్టమైతేనే," అని కూతుర్ని అడిగింది. ఆ నీకిష్టమైతేనే అనే మాట ఆవిడ నోటికి కొత్త, కాస్త తడబడింది. రుచితా తనూ చెబుతామని, తామిద్దరూ మేడం గదిలోకి వెళ్తే పిన్ని గుమ్మం బయట కూర్చుంటే చాలని వినీల చెప్పింది.

సోమవారం పొద్దున వార్డులో పేరు ఇచ్చి, పెద్ద మేడం గదికి వెళ్ళి ఉన్నదంతా చూపించి, మధ్యాహ్నం ఇద్దరూ మెస్సుకి వెళ్ళారు. అక్కడ నేను లేను, రుచిత చెప్పిందే చెబుతున్నాను. గుమ్మం దగ్గర వినీల ఆగిపోయిందట, రుచిత చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇక రాలేనందట. రుచిత తనూ రాలేనందట. ఇద్దరూ రాలేమంటూనే లోపలికి నడిచారు. చరిష్మ బల్ల మీంచి ఫోను ఎత్తింది. పక్కన ఇద్దరు ఎత్తారు. వినీల ఆ ఫోన్ల వైపు తిరిగి కూర్చుంది. ముద్ద కలిపి, నోరు తెరిచి పెట్టుకుని, నమిలి, మింగి, వడ్డించే ఆవిణ్ణి పిలిచింది.

"అక్కా, సాంబార్లో ఉప్పు లేదు."

అవతలి బల్లలో ఎవరో, "అవునక్కా, నేనూ చెబుదామనుకుంటున్నా," అన్నారు. ఇంకెవరో అవునన్నారు. ఉప్పు డబ్బా బల్లల మీదుగా చేతులు మారింది. చరిష్మ దాకా వచ్చేసరికి, దాన్ని అందుకోవాలంటే ఫోను దించాలి. దించింది.

భయం పోయిందా అంటే పోలేదు. మేడం చరిష్మని గది మార్చింది, వాళ్ళమ్మా నాన్నని పిలిపించింది, అయినా ఆ స్టిక్కరు ఎక్కడో ఎవరి ఫోన్లోనో ఉండే ఉంటుంది. ఇప్పటికీ కొత్త చోట తినే ముందు వినీల చెయ్యి ఒక్కసారి మెడ మీదకి, ముడి ఉండే చోటుకి వెళ్తుంది. వెళ్ళి, దిగుతుంది. శుక్రవారాలు మాత్రం హాస్టలు నుంచి వచ్చి డయానా కొట్లో ఉప్పు చూస్తుంది. అప్పుడప్పుడూ ఎవరో ఒక పిల్లని వెంటేసుకొస్తుంది. మేం కంచం పెట్టి, పీట వేసి, వాళ్ళు గోడ వైపు తిప్పుకుంటే తిప్పుకోనిస్తాం. ఏమీ అడగం.

ఇదమ్మా సంగతి. నీకు చెప్పే ముందు వినీలని అడిగాను, చెప్పుకోనా అని. "చెప్పు అమ్మమ్మా, కానీ ఒక్క షరతు," అంది. ఆ షరతు నీకూ వర్తిస్తుంది, అందుకే గుర్తుపెట్టుకో. రేపు నీ కాలేజీలో ఏ పిల్లయినా గోడ వైపు తిరిగి తింటూ కనపడితే పక్కన కూర్చుని ఇది చెప్పు. ముద్ద ఎంత పెద్దదో చెప్పు, మాగాయ సంగతి చెప్పు, ఉప్పు తక్కువైందన్న మాట తప్పకుండా చెప్పు. ఎక్కడా పాపం వినీల అని మాత్రం అనకు.

ఆ వెల్లుల్లి ఇటివ్వు. సగం పొట్టు ఉంచేశావు.